నడుస్తూ నడుస్తూ ఆగిపోయే పాత కారు: లోపం ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

"ప్లగ్గులు మార్చాం, ఫిల్టర్ మార్చాం, పెట్రోల్ పంపు కూడా కొత్తది వేశాం. అయినా కారు దారిలో ఆగిపోతూనే ఉంది. కాసేపాగి సెల్ఫ్ కొడితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. ఇప్పుడేం చేయాలి?" నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. కారు పేరు మారుతుంది, బాధ మాత్రం మారదు.

ఈ రకం లోపంతో వచ్చే చిక్కేమిటంటే, షెడ్డుకు తీసుకెళ్లేసరికి అది కనిపించదు. మెకానిక్ ముందు బండి బుద్ధిగా నడుస్తుంది. దాంతో అనుమానం మీద ఒక్కో పార్టూ మారుస్తూ పోతారు. నిజానికి లోపాన్ని చూపించే ఆనవాళ్లు బండి ఆగిన తర్వాత మొదటి రెండు మూడు నిమిషాల్లోనే దొరుకుతాయి. ఇంజిన్ చల్లారితే అవి పోతాయి. ఆ కాస్త సమయంలో ఏం చూడాలో ముందే తెలుసుకుని, అందుకు కావలసినవి డిక్కీలో పెట్టుకుని ఉంటే సగం పని అయిపోయినట్టే.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా ఇంజెక్షన్ ఉన్న పాత పెట్రోల్ కార్ల గురించి. కార్బురేటర్, డీజిల్ బండ్ల సంగతి చివర్లో చెప్తాను.

ముందు ప్రాణం సంగతి

బండి వేగంలో ఉండగా ఇంజిన్ ఆగితే స్టీరింగ్ బరువెక్కుతుంది, కానీ తిరుగుతుంది. రెండు చేతులతో గట్టిగా తిప్పండి. బ్రేక్ బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు నొక్కులకే సరిపోతుంది. పెడల్‌ని పదేపదే కొట్టకుండా ఒక్కసారి గట్టిగా నొక్కి పట్టుకోండి. హజార్డ్ లైట్లు వేసి, న్యూట్రల్ చేసి, రోడ్డు పక్కకు తెచ్చుకోండి. కంగారులో తాళం పూర్తిగా వెనక్కి తిప్పేయకండి, కొన్ని కార్లలో స్టీరింగ్ లాక్ పడిపోతుంది.

లోపం దొరికేదాకా ఆ కారును హైవే ఎక్కించకండి. తాళం స్విచ్ దగ్గరే కరెంటు తెగిపోతే ఎయిర్‌బ్యాగులు కూడా పనిచేయకపోవచ్చు. 2014లో జనరల్ మోటార్స్ లక్షల కార్లను వెనక్కి పిలిపించింది ఇందుకే. తాళం స్విచ్ దానంతటదే జారి ఇంజిన్ ఆగిపోవడం, ఆ తర్వాత ఢీకొంటే ఎయిర్‌బ్యాగు తెరుచుకోకపోవడం వల్ల ప్రాణాలు పోయాయి.

కావలసినవి

- మల్టీమీటర్. మామూలుది చాలు.
- ఓబీడీ స్కానర్. అంటే కారు కంప్యూటర్ దాచిపెట్టిన లోపాల కోడ్లను చదివే పరికరం. ఫోనుకు బ్లూటూత్‌తో కలిసేదైనా సరే. అమెరికాలో 1996 నుంచి, ఐరోపాలో పెట్రోల్ కార్లకు 2001 నుంచి ఓబీడీ-2 తప్పనిసరి అయింది. అంతకుముందు కార్లలో చాలావాటికి చెక్ ఇంజిన్ లైటు మెరుపులు లెక్కపెట్టి కోడ్ చదివే పద్ధతి ఉంటుంది, అది మీ కారు మాన్యువల్‌లో చూడండి.
- స్పార్క్ టెస్టర్. ప్లగ్గుకు స్పార్క్ వస్తోందో లేదో చూపించేది.
- ఫ్యూయల్ ప్రెషర్ గేజ్. కొనక్కర్లేదు, అరువు తెచ్చుకున్నా సరిపోతుంది.
- టార్చి, చేతి గ్లోవ్స్, వైరు బ్రష్, రెండు సీసాల నీళ్లు, పాత గుడ్డ.
- మీ కారుకు సరిపోయే ఫ్యూజులు, ఒక స్పేర్ రిలే (పంపులాంటి వాటికి కరెంటు కలిపే, తెంచే చిన్న డబ్బా).
- చిన్న నోటుబుక్కు. ఫోనులో రాసుకున్నా ఫర్వాలేదు.

1. ఎప్పుడు ఆగుతోందో రాసుకోండి

ఇంకా ఏమీ విప్పకండి. ఆగిన ప్రతిసారీ ఇవి రాయండి: ఇంజిన్ చల్లగా ఉందా, వేడెక్కిందా? వేగంలోనా, సిగ్నల్ దగ్గర నిలబడ్డప్పుడా? ట్యాంకులో పెట్రోల్ ఎంతుంది? ఏసీ వేసి ఉందా? గుంతలో పడిందా? వాన పడుతోందా? పెట్రోల్ పోయించిన వెంటనేనా? మళ్లీ స్టార్టవడానికి ఎంతసేపు పట్టింది?

నాలుగైదు సార్లు రాసేసరికి ఒక వరస కనిపిస్తుంది. గుంతల్లో ఆగితే వైరింగ్, తాళం స్విచ్. బాగా వేడెక్కాకే ఆగితే సెన్సార్, ప్లగ్గులకు స్పార్క్ పుట్టించే కాయిల్, రిలే, లేదా పంపు. సిగ్నల్ దగ్గర మాత్రమే ఆగితే గాలి దారి. ట్యాంకు పావు వంతు కంటే కిందికి దిగినప్పుడు ఆగితే పంపు, దాని జల్లెడ. పెట్రోల్ పోయించిన కాసేపటికే ఆగితే, ట్యాంకు ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలే పర్జ్ వాల్వు మూసుకోవడం లేదేమో చూడాలి.

2. ఎలా ఆగిందో గమనించండి

లైటు స్విచ్ కట్టినట్టు టక్కున ఆగిందా, లేక జర్కులిచ్చి, పికప్ తగ్గి, గుక్క తిప్పుకోలేక ఆగిందా? టక్కున ఆగితే కరెంటు వైపు, నసుగుతూ ఆగితే పెట్రోల్ వైపు చూడాలి. వందకు వందసార్లూ ఇలాగే ఉంటుందని అనను గానీ, వెతకడం ఎటు మొదలుపెట్టాలో చెప్పడానికి దీన్ని మించిన గుర్తు లేదు.

ఇంకో మంచి సాక్షి, ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపే ఆర్‌పీఎం ముల్లు. గేర్ల కారైతే, గేరులో ఉండగా ఇంజిన్ చచ్చినా చక్రాలు దాన్ని తిప్పుతూనే ఉంటాయి. ఆ సమయంలో ముల్లు మెల్లగా దిగితే ఇంజిన్ తిరుగుతున్న సంగతి కంప్యూటర్‌కు తెలుస్తోందన్నమాట, కాబట్టి పెట్రోల్ అందలేదేమో చూడాలి. ఇంజిన్ తిరుగుతుండగానే ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడిపోతే, ఇంజిన్ తిరుగుడును కంప్యూటర్‌కు చెప్పే క్రాంక్ సెన్సార్ మీద, లేదా ఇగ్నిషన్‌కు వచ్చే కరెంటు మీద గట్టి అనుమానం పెట్టుకోవచ్చు. ముల్లును చూసే పని పక్కన కూర్చున్నవాళ్లకు అప్పగించండి. మీ చూపు రోడ్డు మీదే ఉండాలి.

3. ఆగిన మొదటి మూడు నిమిషాలు

బండి క్షేమంగా పక్కన నిలబెట్టాక, ఈ వరసలోనే చేయండి.

మొదట తాళం ఆన్ చేసి డాష్‌బోర్డు చూడండి. లైట్లు మామూలుగా వెలిగాయా, మసకగా ఉన్నాయా, అసలు వెలగలేదా? మసకగా ఉంటే 4వ మెట్టుకు, వెలగకపోతే 5వ మెట్టుకు వెళ్లండి.

తాళం ఆన్ చేసిన క్షణంలో వెనక సీటు కింద రెండు మూడు సెకన్లు 'జుయ్‌య్' మని పంపు శబ్దం వినిపించాలి. కిటికీలు మూసి, రేడియో, ఫ్యాను ఆపి వినండి. కొన్ని పాత కార్లలో సెల్ఫ్ కొడితేనే పంపు తిరుగుతుంది, కాబట్టి బండి బాగున్న రోజే మీ కారు శబ్దం ఎలా ఉంటుందో విని పెట్టుకోండి.

పంపు వినిపించకపోతే, ఇంకొకరు తాళం ఆన్ చేస్తుండగా మీరు ట్యాంకు అడుగున అరచేత్తో రెండు దెబ్బలు వేయండి. అప్పుడు తిరిగితే పంపు మోటారు అరిగిపోయినట్టే. కారు కిందికి దూరకండి, పక్క నుంచి చేయి అందినంత చాలు.

తర్వాత పెట్రోల్ మూత మెల్లగా తిప్పండి. గట్టిగా బుస్సుమని గాలి లోపలికి పీల్చుకుని, వెంటనే బండి స్టార్టయితే ట్యాంకుకు గాలి వెళ్లే దారి మూసుకుపోయింది. కొద్దిగా శబ్దం రావడం మామూలే.

చివరగా స్పార్క్ టెస్టర్ పెట్టి సెల్ఫ్ కొట్టించండి. స్పార్క్ లేకపోతే కరెంటు వైపు (5, 7 మెట్లు) వెళ్లండి. స్పార్క్ బాగుంటే పెట్రోల్ వైపు (8వ మెట్టు). ప్లగ్గు వైరును చేత్తో పట్టుకుని ఇంజిన్ బాడీకి దగ్గరగా పెట్టి చూసే అలవాటు చాలామందికి ఉంది. అది వద్దు. షాక్ కొట్టడమే కాదు, కాయిల్‌ని నడిపే ఇగ్నిషన్ మాడ్యూల్ కూడా కాలిపోవచ్చు.

4. బ్యాటరీ, ఎర్తు

ఎంత చిన్నదిగా కనిపించినా దీన్ని దాటేయకండి. ఇంజిన్ ఆపి కొన్ని గంటలయ్యాక బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు ఉండాలి. ఇంజిన్ నడుస్తుండగా సుమారు 13.8 నుంచి 14.5 దాకా రావాలి. హెడ్‌లైట్లు, ఏసీ ఫ్యాను వేసినా 13 కిందికి పడకూడదు. పడుతుంటే ఆల్టర్నేటర్ కానీ దాని బెల్టు కానీ చూడాలి.

ఇప్పుడు ఎర్తు. ఇంజిన్, లైట్లు, ఫ్యాను అన్నీ నడుస్తుండగా మీటరు నల్ల మొనను బ్యాటరీ నెగెటివ్ మీద, ఎర్ర మొనను ఇంజిన్ లోహం మీద పెట్టండి. 0.2 వోల్టుల కంటే ఎక్కువ చూపిస్తే ఎర్తు పట్టీ తుప్పు పట్టింది, లేదా బోల్టు వదులైంది. విప్పి, బ్రష్‌తో మెరిసేలా గీకి, బిగించండి.

బ్యాటరీ టెర్మినల్‌ని చేత్తో మెలితిప్పి చూడండి. కొంచెం కదిలినా అది వదులే. ఇంజిన్ నడుస్తుండగా టెర్మినల్ ఊడదీసి ఆల్టర్నేటర్ టెస్ట్ చేయడం పాత అలవాటు. ఇంజెక్షన్ కార్లకు అది పనికిరాదు. ఆ క్షణంలో ఎగిసే వోల్టేజికి కంప్యూటరే పోవచ్చు.

5. తాళం స్విచ్, రిలేలు, వైరింగ్

బండి ఐడ్లింగ్‌లో నిలబెట్టి తాళాన్ని ఆన్ స్థానంలోనే అటూ ఇటూ కాస్త కదిలించండి. ఇంజిన్ తడబడినా, డాష్‌బోర్డు లైట్లు మినుకుమన్నా స్విచ్ అరిగిపోయింది. కారు తాళంతో పాటు ఇంటి తాళాల గుత్తి కూడా వేలాడుతుంటే ఈ రోజే విడదీయండి.

తర్వాత మెయిన్ రిలే (ఇంజిన్ కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చేది), ఫ్యూయల్ పంపు రిలేల మీద స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టండి. ఇంజిన్ ఆగిందా, దొంగ దొరికినట్టే. 1990ల నాటి హోండా కార్లలో ఇది బాగా పేరుపడ్డ లోపం. రిలే డబ్బా మూత తీసి, లోపలి బోర్డును వెనక్కి తిప్పి, టార్చి ఏటవాలుగా వేసి చూడండి. కాలు దిగిన చోట టంకం చుట్టూ వెంట్రుకంత సన్నని నల్లటి ఉంగరం కనిపిస్తే అది పగులు. ఎండకు కారు లోపల వేడెక్కినప్పుడు ఆ పగులు విడిపోతుంది, చల్లబడితే కలుస్తుంది. మళ్లీ టంకం వేస్తే పనిచేస్తుంది, కొత్త రిలే వేస్తే ఇంకా నిశ్చింత.

అలాగే ఇంజిన్ నడుస్తుండగా ఒక్కో వైరింగ్ కట్టనూ కదిపి చూడండి. బ్యాటరీ ట్రే కింద, ఎగ్జాస్ట్ దగ్గర ముఖ్యంగా. ఫ్యాను, బెల్టులకు చేతులు, చొక్కా దూరంగా ఉంచుకోండి.

6. కోడ్లు చదవండి, చెరపకండి

స్కానర్ పెట్టి వచ్చిన కోడ్లు, వాటితో పాటు ఉండే ఫ్రీజ్ ఫ్రేమ్ వివరాలు రాసుకోండి. లోపం జరిగిన క్షణంలో వేగం, ఇంజిన్ వేడి, లోడు ఎంతున్నాయో అందులో ఉంటాయి. కోడ్లు చెరిపినా, బ్యాటరీ విప్పినా ఈ వివరాలు పోతాయి. అందుకే 4వ మెట్టులో బ్యాటరీ విప్పాల్సి వస్తే దానికంటే ముందే ఇది చేసేయండి.

పి0335 వస్తే క్రాంక్ సెన్సార్ సర్క్యూట్. పి0340 అయితే క్యామ్ సెన్సార్. పి0171 అంటే మిశ్రమంలో పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ. పి0505 ఐడిల్ కంట్రోల్. పి0230 పంపు సర్క్యూట్.

ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. కోడ్‌లో సెన్సార్ పేరు ఉందంటే సెన్సార్ పోయిందని కాదు. దాని వైరు, కనెక్టరు, ఎర్తు ఏది చెడినా అదే కోడ్ వస్తుంది. కోడ్ ఏమీ లేకపోతే లోపం లేదనీ కాదు. పెట్రోల్ అందక ఆగినప్పుడు చాలా పాత కార్లు ఏ కోడూ చూపించవు.

7. వేడికి ఆగే కారు: క్రాంక్ సెన్సార్, కాయిల్

అరగంట బాగా నడిచి, టక్కున ఆగి, ఇరవై నిమిషాలు చల్లారాక స్టార్టయ్యే కార్లలో నా మొదటి అనుమానం క్రాంక్ సెన్సార్ మీదే. లోపలి సన్నని తీగ వేడికి వ్యాకోచించి తెగుతుంది, చల్లబడితే అతుక్కుంటుంది. చల్లగా ఉన్నప్పుడు మీటరుతో చూస్తే అంతా సరిగ్గానే ఉంటుంది. "టెస్ట్ చేశాం, బాగానే ఉంది" అని పక్కన పెట్టేసేది ఇందుకే.

కాబట్టి ఆగిన వెంటనే పరీక్షించాలి. సెల్ఫ్ కొడుతూ స్కానర్‌లో ఆర్‌పీఎం చూడండి. ఇంజిన్ తిరుగుతున్నా సున్నా చూపిస్తే, సెన్సార్ మీద నీళ్లలో ముంచిన గుడ్డ పెట్టి రెండు మూడు నిమిషాలాగండి. మామూలుగా ఇరవై నిమిషాలు మొరాయించే బండి ఇప్పుడు వెంటనే స్టార్టయితే లోపం దొరికినట్టే. కాలే ఎగ్జాస్ట్ మీద నీళ్లు ఒలకబోయకండి. సెన్సార్ చేతికందని చోట ఉంటే ఇంట్లో హెయిర్ డ్రయ్యర్‌తో దాన్ని వేడిచేసి, ఇంజిన్ ఆగుతుందేమో చూడొచ్చు. కాయిల్‌కూ, ఇగ్నిషన్ మాడ్యూల్‌కూ ఇదే పరీక్ష.

రెండు వైర్ల సెన్సార్‌కు ఓమ్స్ కొలవొచ్చు, వేడిలో ఉండగా మాన్యువల్‌లోని అంకెతో పోల్చండి. మూడు వైర్లుంటే చాలావరకు హాల్ రకం (లోపల చిన్న ఎలక్ట్రానిక్ చిప్ ఉండేది), దాన్ని ఓమ్స్‌తో కొలవకండి. కొత్తది వేసేటప్పుడు కంపెనీ పార్టే తీసుకోండి. చవక క్రాంక్ సెన్సార్లు కొత్తవే వేడికి చేతులెత్తేస్తాయి.

8. పెట్రోల్ అందకపోతే

లైను విప్పే ముందు పంపు ఫ్యూజు తీసి, ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడపండి. ప్రెషర్ దిగుతుంది. చల్లటి ఇంజిన్ మీదే చేయండి, మంట, సిగరెట్ దరిదాపుల్లో ఉండకూడదు, అగ్నిమాపక సిలిండర్ పక్కన ఉండాలి. డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోల్‌ని నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే) కార్లలో హై ప్రెషర్ లైను జోలికి అసలు వెళ్లకండి.

మామూలు ఇంజెక్షన్ కార్లలో ప్రెషర్ సాధారణంగా 2.5 నుంచి 4 బార్ మధ్య ఉంటుంది, సరైన అంకె మాన్యువల్‌లో చూడండి. ఐడ్లింగ్‌లో కొలిచి సరిపోయిందనుకోవద్దు. నీరసించిన పంపు కూడా ఐడ్లింగ్‌కు సరిపడా పెట్రోల్ ఇస్తుంది, ఎత్తు ఎక్కేటప్పుడే చతికిలబడుతుంది. గేజ్ ట్యూబు పొడవుగా ఉంటే బానెట్ అంచు కింది నుంచి తెచ్చి, ముందు అద్దానికి బయటివైపు టేపుతో అంటించి, ఇంకొకరు చూస్తుండగా ఖాళీ రోడ్డు మీద నడపండి. గేజ్‌ని కారు లోపలికి మాత్రం తేవద్దు, ట్యూబు ఊడితే పెట్రోల్ మీ ఒళ్లో పడుతుంది.

ప్రెషర్ పడిపోతుంటే వెంటనే పంపు కొనకండి. ముందు ఫిల్టర్ మార్చండి. తర్వాత పంపు కనెక్టరు దగ్గర, పంపు తిరుగుతుండగా వోల్టేజి కొలవండి. బ్యాటరీ కంటే అర వోల్టుకు మించి తక్కువ ఉంటే లోపం వైరుదో, రిలేదో. కనెక్టరు పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, కాస్త కరిగినట్టుంటే కొత్త పంపు వేసినా అదే బాధ మళ్లీ వస్తుంది. పంపుతో పాటు కనెక్టరూ మార్చాలి.

పదిహేను నిమిషాలు నడిచి, నసిగి ఆగి, కాసేపటికి మళ్లీ అంతే దూరం నడిస్తే ట్యాంకు అడుగు తుప్పు, నలకలు జల్లెడకు అంటుకుంటున్నాయేమో చూడండి. బండి ఆగగానే అవి కిందికి దిగిపోతాయి, అందుకే మళ్లీ నడుస్తుంది. ట్యాంకు కడగకుండా పంపు మారిస్తే ఫలితం ఉండదు.

9. సిగ్నల్ దగ్గర ఆగిపోయే కారు

ఎక్స్‌లరేటర్ వదలగానే ఆగిపోతే, ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని పలకతో తగ్గించి పెంచే థ్రాటిల్ బాడీ విప్పి చూడండి. పలక అంచున నల్లటి మసి పేరుకుని ఉంటే థ్రాటిల్ క్లీనర్‌తో, మెత్తటి గుడ్డతో తుడవండి. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ అయితే తాళం ఆన్‌లో ఉండగా పలకను వేలితో నెట్టకండి. ఐడిల్ వాల్వు కూడా అదే సమయంలో శుభ్రం చేయండి. గాలి కొలిచే మాఫ్ సెన్సార్‌కు మాత్రం దాని కోసమే అమ్మే క్లీనర్ వాడాలి.

ఎయిర్ ఫిల్టర్ నుంచి థ్రాటిల్ దాకా వెళ్లే రబ్బరు గొట్టాన్ని మడతల దగ్గర వేళ్లతో సాగదీసి చూడండి. పగులు మడత లోపల దాక్కుని, ఇంజిన్ ఊగినప్పుడే తెరుచుకుంటుంది. వాక్యూమ్ పైపుల లీకుకు సన్నని రబ్బరు ట్యూబు ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొసతో వెతికితే బుస వినిపిస్తుంది. వేడి ఇంజిన్ మీద మండే స్ప్రేలు కొట్టి వెతకడం ప్రమాదం.

స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత పెంచుతోందో, తగ్గిస్తోందో చూపే అంకె) ఐడ్లింగ్‌లో ప్లస్ 10 శాతం దాటి, 2500 ఆర్‌పీఎం దగ్గర తగ్గితే గాలి లీకు. లోడు పెరిగేకొద్దీ ఇంకా పెరుగుతుంటే పెట్రోల్ చాలడం లేదు, 8వ మెట్టుకు వెళ్లండి. పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు తెరుచుకుని ఇరుక్కున్నా ఐడ్లింగ్‌లో ఇలాగే ఆగుతుంది, వేగంలో బాగానే ఉంటుంది.

ఆటోమేటిక్ కారు, క్లచ్ నొక్కకుండా బ్రేకేసిన గేర్ల బండిలా ఒణికి ఆగుతోందా? ఖాళీ చోట మెల్లగా వెళ్తూ, ఆగబోయే ముందు న్యూట్రల్‌లో పెట్టండి. అప్పుడూ అదే తీరుగా ఆగితే ఐడిల్ వైపు చూడాలి. న్యూట్రల్‌లో ఆగకుండా, డ్రైవ్‌లోనే ఆగితే టార్క్ కన్వర్టర్ లాకప్ (ఇంజిన్‌నూ గేర్‌బాక్స్‌నూ గట్టిగా కలిపి పట్టే క్లచ్) విడవడం లేదేమో గేర్‌బాక్స్ పని తెలిసినవాళ్లకు చూపించండి.

10. కార్బురేటర్, డీజిల్ బండ్లు

కార్బురేటర్‌లో ఐడిల్ సోలెనాయిడ్‌కు (ఐడ్లింగ్ పెట్రోల్ దారిని తెరిచే కరెంటు వాల్వు) 12 వోల్టులు తగిలిస్తే టిక్కుమనాలి. ఆగిన వెంటనే ఎయిర్ క్లీనర్ తీసి, ఇంజిన్ ఆపి ఉంచే ఎక్స్‌లరేటర్ కేబుల్ లాగండి. లోపల పెట్రోల్ చిమ్మితే గిన్నెలో పెట్రోల్ ఉంది, కరెంటు వైపు చూడండి. చిమ్మకపోతే పంపు, ఫిల్టర్, ఫ్లోట్. అది చూశాక ఎయిర్ క్లీనర్ బిగించాకే సెల్ఫ్ కొట్టాలి. డిస్ట్రిబ్యూటర్ ఉంటే దాని మూత లోపల పెన్సిల్ గీతల్లాంటి నల్లటి గీతలున్నాయేమో, పాయింట్లు కాలాయేమో చూడండి. వేడికి కండెన్సర్ పోవడం కూడా మామూలే.

డీజిల్‌లో ముందు ఫిల్టర్ అడుగున నీళ్లు వదలండి. తర్వాత ఇంజెక్షన్ పంపుకు వెళ్లే లైనులో కొంత దూరం పారదర్శక ట్యూబు వేసి చూడండి. బుడగలు వరసగా వస్తుంటే ఎక్కడో గాలి పీలుస్తోంది. పంపు మీద ఉండే స్టాప్ సోలెనాయిడ్ వైరు వదులైనా బండి టక్కున ఆగుతుంది.

11. బాగైందని ఎలా తెలుస్తుంది

ఒకసారి ఒక్క పార్టే మార్చండి. రెండు కలిపి మారిస్తే దేనివల్ల బాగైందో తెలియదు. ముందు ఐడ్లింగ్‌లో ఇరవై నిమిషాలు, రేడియేటర్ ఫ్యాను కనీసం రెండుసార్లు తిరిగేదాకా, ఆరుబయట నడపండి. తర్వాత ఇంజిన్ ఆపి పదిహేను నిమిషాలు బానెట్ మూసే ఉంచండి. ఆపిన కాసేపటికి బానెట్ కింద వేడి ఇంకా పెరుగుతుంది, అప్పుడు స్టార్ట్ చేసి వెంటనే నడపండి. నోటుబుక్కు తీసి, ఇంతకుముందు ఎలాంటి పరిస్థితుల్లో ఆగిందో అవే మళ్లీ కల్పించండి: అదే వేగం, అదే ఎత్తు, ఏసీ, అంతే పెట్రోల్. బ్యాటరీ విప్పి ఉంటే మొదట్లో ఐడ్లింగ్ కాస్త ఎగుడుదిగుడుగా ఉండొచ్చు, కంప్యూటర్ మళ్లీ సర్దుకుంటుంది. దాన్ని చూసి టెన్షన్ పడి ఇంకో పార్టు విప్పకండి.

మునుపు వారానికొకసారి ఆగే బండి రెండు రోజులు నడిచిందని నమ్మకండి, కనీసం మూడు వారాలు చూడండి. తీసేసిన పాత పార్టును కూడా అన్నాళ్లూ దాచండి. కొత్తది వేశాకా అదే తీరుగా ఆగితే, పాతది తిరిగి బిగించి, నోటుబుక్కులో ఆ పార్టు పేరు కొట్టేసి, తర్వాతి మెట్టుకు వెళ్లండి. మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సి వచ్చినా ఆ నోటుబుక్కే ముందు ఆయన చేతికివ్వండి.